ఎవరికి ఉద్వాసన?

పూజ ముగిసిన పిదప ఆవాహన చేసిన దైవమును స్వస్థానమునకు సాగనంపు క్రియకు ఉద్వాసన యని పేరు. కలశమును ఇంచుక ఈశాన్యముగా కదల్చి, అక్షతలు చల్లి, మరల దయచేయుమని ప్రార్థించి పంపుట అందలి మర్యాద. మన పత్రికలవారు ఈ మాటను దేవతార్చన గదినుండి తెచ్చి కార్ఖానా ద్వారమునకు తగిలించిరి. వ్యాపారము మందగించిన ప్రతి సంవత్సరమును ‘వందలాది మందికి ఉద్వాసన’ యను శీర్షిక కనబడుచునే యుండును. మరల దయచేయుమను ప్రార్థన మాత్రము ఆ శీర్షిక వెంట రాదు. విచిత్రమేమనగా, ఆ ప్రార్థనకు సాటివచ్చు నిబంధన యొకటి మన కార్మికచట్టములో 1953 నుండియు ఉన్నది; దాని ప్రస్తావన ముందు వచ్చును.

సిబ్బందిని తగ్గింపక తప్పని కాలమున ఎవరిని తొలగించుట న్యాయమను ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని న్యాయస్థానములు, కార్మికసంఘములు, అర్థశాస్త్రజ్ఞులు, నీతివిచారకులు, ఇటీవల అంకెలను మాత్రమే నమ్ముట నేర్చిన యాజమాన్యములు, ఒక్కొక్కరు ఒక్కొక్క కొసను పట్టి లాగుటచేత నేడిది దారపుచిక్కువలె తయారైనది. తగ్గింపు నిజముగా అవసరమా, లేక లాభము పెంచుకొనుటకు చెప్పిన సాకా యను విచారణ వేరు. ఆ అవసరము నిజమేయని యొప్పుకొన్న తరువాత కూడ మిగిలిపోవు ప్రశ్ననే ఈ వ్యాసము పరిశీలించును.

మాటల తేడా

ముందుగా మాటలను విడదీసికొనవలెను. నేడు అందరి నోట వినబడు లేఆఫ్ అను మాటకు మన చట్టమునందు ఉద్యోగము పోవుట అర్థము కాదు. బొగ్గో, విద్యుత్తో, ముడిసరుకో కొరవడి, లేదా తయారైన సరుకు గిడ్డంగిలో పేరుకొనిపోయి, యజమాని తాత్కాలికముగా పని చూపలేకపోవుట లేఆఫ్. ఆ దినములకు మూలవేతనము, కరవుభత్యము కలిపి అందులో సగము చెల్లింపవలెను, ఉద్యోగసంబంధము తెగదు. శాశ్వతముగా తెంపివేయుట రిట్రెంచిమెంటు. అమెరికావారు దీనినే లేఆఫ్ అందురు. సాఫ్ట్‌వేరు ఉద్యోగములతోపాటు ఆ వాడుకయు మనకు దిగుమతియైనది. బ్రిటనువారు రిడండెన్సీ అందురు. మనిషి చెడ్డవాడు కాడు, ఆయన కూర్చున్న కుర్చీకే కాలము చెల్లినదని అందలి భావము. కార్మికుని ఇంట మాత్రము ఇవన్నియు ‘తీసివేసినారు’ అను ఒక్క మాటలో ఇమిడిపోవును.

మేస్త్రీ చేతినుండి నోటీసుబోర్డునకు

చివర వచ్చినవాడు ముందు పోవలెనను సూత్రమునకు నేడు మొరటుదనమను అపకీర్తి కలదు. అది ఏ వ్యాధికి మందుగా పుట్టినదో తెలియనిదే దాని విలువ బోధపడదు. బొంబాయి నూలుమిల్లులలో జాబరు, మనవైపు మేస్త్రీ, పనిలో చేర్చుకొనుటకును తీసివేయుటకును సర్వాధికారియై యుండిన కాలము కలదు. 1929లో విట్లీ అధ్యక్షతన ఏర్పడి 1931లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషను, ఈ జాబర్లు కూలీలనుండి పుచ్చుకొను దస్తూరీలను గూర్చి విపులముగానే వ్రాసినది. పని తగ్గినప్పుడు ఎవరు నిలుతురో ఎవరు పోదురో వాని దయనుబట్టియు, వానికి ముట్టిన మామూళ్లనుబట్టియు నిర్ణయమగుచుండెను. అమెరికాలోను కథ యిట్టిదే. ఫోర్‌మన్ ఇష్టాయిష్టములకు విరుగుడుగా మొదట రైల్వే కార్మికసంఘములు, తరువాత 1930ల చివరను మోటారుకార్ల కార్మికులు సర్వీసు తేదీని పట్టుకొనిరి. తేదీ లంచము పుచ్చుకొనదు. దానికి బంధువులు లేరు.

మన పారిశ్రామిక ట్రిబ్యునళ్లు ఈ ఆచారమును ముందే పాటించుచుండెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో మొదట తగ్గింపును గూర్చిన అధ్యాయమే లేదు. 1953లో నూలుమిల్లులలో అమ్ముడుపోని బట్ట గుట్టలుగా పేరుకొని, వేలాది కార్మికులు వీధిని పడుదురను భయము పుట్టగా, ఆ సంవత్సరము అక్టోబరు 24న కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, పిదప దానిని చట్టముగా మార్చినది. 25-ఎఫ్ సెక్షను ప్రకారము ఒక నెల నోటీసు, సర్వీసు చేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము పరిహారము. 25-జి ప్రకారము ఆ వర్గములో చివర చేరినవానిని ముందు తొలగింపవలెను. 25-హెచ్ ప్రకారము మరల మనుషులు కావలసివచ్చినప్పుడు తొలగింపబడినవారికే మొదటి అవకాశము ఈయవలెను. ఉద్వాసనలో మనము మరచిన పునరాహ్వానమిదియే.

1957 నాటి కేంద్రనియమములలో 77వది మరియొక అడుగు ముందుకు వేసినది: తగ్గింప దలచిన వర్గములోని కార్మికులందరి సీనియారిటీ జాబితాను, తొలగింపునకు కనీసము ఏడు దినములు ముందుగా, అందరికి కనబడుచోట నోటీసుబోర్డుపై అంటింపవలెను. తెల్లకాగితముపై వరుససంఖ్య, పేరు, చేరిన తేదీ. దాని క్రింద మేనేజరు సంతకము. ఆ కాగితముముందు గుమికూడిన మనుషులు తమ పేరును వెదకుటకన్న ముందు తమ క్రింద ఎన్ని పేర్లున్నవో లెక్కించుకొందురు. ఆ లెక్కకు ఎంత కాఠిన్యమున్నను, అందు రహస్యము లేదు.

తరువాతి ఏడు దశాబ్దముల రాజకీయ కలహమంతయు వేరొక విషయముపై నడచినది. తగ్గింపునకు ముందు ప్రభుత్వానుమతి కావలెనను నిబంధన 1976లో 300 మంది కార్మికులుగల సంస్థలకు వచ్చినది. 1984 నుండి 100 మందికి దిగినది. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడ్‌తో మరల 300కు ఎక్కినది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. తగ్గింపవచ్చునా కూడదా యని ఇంత పోరాడిన ఉభయపక్షములవారును, ఎవరిని అను చోట పాత వాక్యమును దాదాపు అట్లే కొత్త కోడ్‌లోనికి సాగనిచ్చిరి. పునరాహ్వానమునకు మాత్రము ఒక సంవత్సరమని గడువు విధించిరి. తొలగింపబడినవానికి 15 దినముల వేతనమునకు సమమైన సొమ్మును నైపుణ్యనిధి ద్వారా అందజేయునట్లు కొత్త ఏర్పాటు చేసిరి.

‘సాధారణముగా’ అను మాట

25-జిలో అతిముఖ్యమైన పదము ‘సాధారణముగా’ అనునది. యజమాని సాధారణముగా చివరివానినే తొలగింపవలెను. వేరొకనిని తొలగించినచో కారణమును వ్రాసి యుంచవలెను. ఈ చిన్న సందులోనుండి సామర్థ్యవాదమంతయు లోనికి వచ్చినది. మద్రాసునందలి స్వదేశమిత్రన్ పత్రికా కార్యాలయపు తగ్గింపును గూర్చి 1960లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు ప్రమాణము. దీర్ఘకాలము పనిచేసినవాడైనను అసమర్థుడు, నమ్మదగనివాడు, అలవాటుగా పనికి ఎగవేయువాడు అయినచో అతనిని తప్పించుటకు యజమానికి అధికారమున్నదని ధర్మాసనము ఒప్పుకొన్నది. కాని ఆ దోషములు తగ్గింపునాడు హఠాత్తుగా కనిపెట్టినవిగాక, వీలైనంతవరకు అతని సర్వీసు రికార్డులో ముందే నమోదైనవిగా ఉండవలెనన్నది. ఇది ఒక సాక్ష్యసూత్రముగా కనబడినను, నిజమునకు గొప్ప నీతిసూత్రము. పది సంవత్సరములు ఇంక్రిమెంటు ఇచ్చుచు, మెమో ఒక్కటియు ఈయక, పదకొండవ సంవత్సరమున ‘ఇతడెప్పుడును మందుడే’ అనుట చెల్లదు.

బ్రిటనులో 1982 నాటి కంపెయిర్ మాక్సమ్ కేసు ఇదే త్రోవను మరింత విశాలము చేసినది. అచ్చట విభాగముల అధికారులు కంపెనీ నిలదొక్కుకొనుటకు ఎవరు అక్కరకు వత్తురని తమకు తోచినదో వారిని ఉంచుకొని తక్కినవారిని పంపివేసిరి. అప్పీలు ట్రిబ్యునలు దీనిని అన్యాయమని త్రోసిపుచ్చి, ముందుగా హెచ్చరిక చేయుట, యూనియనుతో సంప్రదించుట, ఒకని అభిప్రాయముపై మాత్రమే ఆధారపడని కొలతలు ఏర్పరచుట, వానిని సమముగా వర్తింపజేయుట, వేరొక పని చూపగలమేమో వెదకుట యను మార్గములను సూచించినది.

సామర్థ్యవాదము, దాని మీది ఆక్షేపణలు

కష్టకాలమున మిగిలినవారి కూడు సంస్థ నిలుచుటపై ఆధారపడి యున్నది గనుక, సంస్థను నిలుపగల వారినే ఉంచుకొనవలెనని సామర్థ్యవాదులు చెప్పుదురు. ఈ వాదములో సత్యమున్నది. ఓడ మునుగుచుండగా ఈతరానివానిని గౌరవించుటకు ఈతగాండ్రను నీట త్రోయుట వివేకము కాదు. దీనిని నిత్యవిధిగా మార్చినవారు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌ను ఏలిన జాక్ వెల్చ్. ఏటేట ఉద్యోగులను 20, 70, 10 శాతములుగా విభజించి, క్రింది పదింటిని పంపివేయుట ఆయన పద్ధతి. మన ఐటీ కంపెనీలలో ‘బెల్ కర్వ్’ అను పేర ప్రవేశించిన రేటింగు ఈ వంశములోనిదే. అందరు బాగుగా పనిచేసిన జట్టులోను ఒకడు అట్టడుగున ఉండి తీరవలెనను నియమము గణితమునకు నచ్చవచ్చునుగాని, న్యాయమునకెట్లు నచ్చునో చెప్పుట కష్టము.

అర్థశాస్త్రజ్ఞులు ఈ విషయమున రెండు అనుకోని మాటలు చెప్పిరి. ఎడ్వర్డ్ లేజియర్ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రకారము, అనేక సంస్థలు యౌవనమున ఉద్యోగికి అతని ఉత్పత్తికన్న తక్కువ చెల్లించి, ఆ లోటును వార్ధక్యమున ఎక్కువ జీతముతో పూడ్చును. ఇది వ్రాయని ఒడంబడిక. అట్టి సంస్థ యొకటి, జీతము ఎక్కువ, చురుకుదనము తక్కువ యని వృద్ధుని తొలగించినచో, అది బాకీ తీర్చవలసిన ఏట పద్దు చెరిపివేయుటయే. ఏరు దాటి తెప్ప తగలవేయుట యని మనవారు అనుచు వచ్చినదానికి ఇది లెక్కల రూపము. రాబర్ట్ గిబ్బన్స్, లారెన్స్ కాట్జ్ 1991లో వెలువరించిన పరిశోధన మరియొక పార్శ్వమును చూపినది: కార్ఖానా మూతబడి పని పోయినవారికన్న, ఏరి తీసివేయబడినవారు తరువాతి ఉద్యోగమున ఎక్కువ నష్టపడుచున్నారు, ఏలయనగా తొలగింపే వారి నొసట ముద్రయగుచున్నది. తేదీనిబట్టి పోయినవాడు ‘ఆలస్యముగా చేరితిని, పోయితిని’ అని చెప్పుకొని తలయెత్తుకొని తిరుగగలడు. సామర్థ్యమునుబట్టి పోయినవానికి ఆ మాటయు మిగులదు.

సీనియారిటీకిని తీరని దోషమొకటి కలదు. ఇంతకాలము గుమ్మము బయట నిలువబడినవారు లోనికి వచ్చిన మరునాడే మాంద్యము వచ్చినచో, ముందు పోవువారు వారే. అమెరికాలో నల్లజాతివారు కొత్తగా నియమింపబడిన అగ్నిమాపకదళములలోను పాఠశాలలలోను ఈ ప్రశ్న సుప్రీంకోర్టువరకు వెళ్లినది. 1984లో మెంఫిస్ అగ్నిమాపకదళపు కేసులోను, 1986లో జాక్సన్ పాఠశాలామండలి కేసులోను, వెనుకటి అన్యాయమును దిద్దుటకై సీనియారిటీని ప్రక్కకు నెట్టుటకు కోర్టు సమ్మతింపలేదు. జాక్సన్ కేసులో న్యాయమూర్తులలోనే తీవ్రభేదము కనబడినది. బ్రిటనులో ప్రశ్న తలక్రిందులైనది: సర్వీసుకాలమును లెక్కించుట యువకులపట్ల వయోవివక్ష కాదా యని రోల్స్‌రాయిస్ సంస్థ అడిగెను. అనేక కొలతలలో ఒకటిగా దానిని ఉంచుట సమర్థనీయమేయని అప్పీలు కోర్టు 2009లో తేల్చినది.

అక్కరవాదము

యూరపులో మరికొన్ని దేశములలో మూడవ దృష్టి ప్రబలము: తొలగింపు దెబ్బను ఎవరు తట్టుకొనగలరో వారిపై దానిని వేయవలెనని. జర్మనీ చట్టము సర్వీసుకాలము, వయస్సు, పోషింపవలసిన కుటుంబము, తీవ్రమైన అంగవైకల్యము అను నాల్గింటిని చూడుమనుచున్నది. కార్ఖానామండలితో కుదుర్చుకొని ఒక్కొక్కదానికి మార్కులు వేయుట అచ్చటి అలవాటు. అయినను సంస్థకు అత్యవసరమైన నైపుణ్యముగలవారిని ఈ లెక్కనుండి తప్పింపవచ్చునను వెసులుబాటు 1996లో వచ్చి, 1999లో పోయి, 2004లో తిరిగి వచ్చినది; న్యాయము అటునిటు ఊగినదన్నమాట. ఫ్రాన్సు కుటుంబభారము, సర్వీసు, మరల పని దొరకుటలో గల కష్టము, వృత్తియోగ్యతలను కలిపి చూచును. అంతర్జాతీయ కార్మికసంస్థ 1963లో చేసిన 119వ సిఫారసులో నైపుణ్యము, అనుభవము, సర్వీసు, వయస్సు, కుటుంబస్థితి అన్నియు ఒకే పేరాలో కలవు. దేని బరువెంతో చెప్పక వదలుట ఆ సంస్థ సౌజన్యము. తరువాత 1982లో అది చేసిన 158వ ఒడంబడికను మనదేశము ధ్రువపరుపలేదు.

ఈ కొలత మన గడ్డపై నిలుచునా యనునది అనుమానము. జర్మను లెక్కలో పెండ్లికానివాడు బరువు తక్కువవాడు. మనయింట పెండ్లికాని కొడుకే తండ్రి మందుల ఖర్చును, చెల్లెలి చదువును, పొలముమీది అప్పును మోయుచుండుట సర్వసాధారణము. అతని భారము రేషనుకార్డులో కనబడవచ్చును, కనబడకపోవచ్చును. అదిగాక, ఎవరి ఇంట ఎందరు తినుచున్నారని హెచ్చార్ విభాగము విచారించుట మొదలిడినచో, అక్కరను నిరూపించుకొనలేని అభిమానవంతుడు ముందు నష్టపడును.

ఒక బైండింగు విభాగము

పోలిక స్పష్టమగుటకై ఒక ఊహ. విజయవాడలోని ముద్రణాలయమున బైండింగు విభాగములో నలుగురున్నారనుకొందము. పాఠ్యపుస్తకముల ఆర్డరు తగ్గి ఒకరిని తీయవలసివచ్చినది. మొదటివాడు 54 ఏండ్లవాడు, 24 సంవత్సరముల సర్వీసు. చేయి మందగించినది, జీతము అందరికన్న ఎక్కువ. రెండవయామె 41 ఏండ్ల వితంతువు, 11 సంవత్సరముల సర్వీసు, బడికి పోవు పిల్లలిద్దరు. ఫారములు మడచుటలో ఆమెకు సాటిలేదుగాని సెలవులెక్కువ. మూడవవాడు 29 ఏండ్ల అవివాహితుడు, 6 సంవత్సరముల సర్వీసు. కటింగుమిషను అతని చేతిలో నాట్యమాడును. నాల్గవవాడు 33 ఏండ్లవాడు, పోలియోవలన కుంటికాలు, చంటిబిడ్డ తండ్రి, చేరి మూడేండ్లు.

మన చట్టము సాధారణముగా నాల్గవవానిని వ్రేలెత్తి చూపును. ఖర్చులెక్క మొదటివానిని చూపును. హాజరుపట్టీని సామర్థ్యమనుకొను కంప్యూటరు రెండవయామెను పట్టును. జర్మను మార్కులపద్ధతి మూడవవానిని పంపుమనును. వెంటనే యజమాని, కటింగుమిషను నడుపువాడు మరియొకడు లేడు గనుక అతనిని లెక్కనుండి తప్పింపుమనును. నాలుగు న్యాయములు నలుగురిని చూపినవి. వీనిలో ఏది మేలని అడుగువారు తరచు మరచునది, ప్రతి సూత్రమును వేరొక ప్రశ్నకు సమాధానమని: గతమున ఎవరు ఎక్కువ ఇచ్చిరి, రేపు ఎవరు ఎక్కువ ఇత్తురు, ఎవరికి ఎక్కువ కావలెను. జాన్ ఎల్స్టర్ 1992లో ప్రకటించిన ‘లోకల్ జస్టిస్’ అను గ్రంథము మూత్రపిండముల పంపకమును, కళాశాలా ప్రవేశములను, ఉద్యోగుల తొలగింపును ఒకేచోట చేర్చి చూచుటకు కారణమిదియే. ఒక్కొక్క రంగము తన కొలతను తాను కల్పించుకొనును, వానినన్నిటిని శాసించు మహాసూత్రము లేదు.

గీత ఎక్కడ గీయుదురు?

అన్యాయము జరుగు చోటు, మా అభిప్రాయమున, కొలత కాదు. కొలతకు ముందు గీయు గీత. 25-జి ‘ఆ వర్గములో’ చివర చేరినవాడనుచున్నది. వర్గమును ఏర్పరచునది ఎవరు? పై ఊహలోనే, తగ్గింపునకు మూడు నెలలు ముందు మొదటివానిని ‘సీనియర్ బైండరు’ అని వేరు హోదాలోనికి మార్చి, ఆ హోదాయే అనవసరమని తేల్చినచో, చివర వచ్చినవాడు ముందు పోవలెనను సూత్రము ప్రకారమే 24 సంవత్సరముల సర్వీసు పోవును. ఆ వర్గములో ఉన్నవాడు అతడొక్కడే గదా! చట్టము అక్షరము చెడలేదు, తేదీల జాబితా సరిగా అంటింపబడినది. శాఖలు వేరువేరు సంస్థలా, ఒకే సంస్థయా యను ప్రశ్నయు ఇట్టిదే. చైబాసా సిమెంటు కార్ఖానా, దాని సున్నపురాతి గని విషయమున సుప్రీంకోర్టు 1960లో యాజమాన్యము, నిర్వహణ, ధనము, పనులయందలి పరస్పరాశ్రయము అను పరీక్షలు పెట్టినను, వానిలో ఏ ఒక్కటియు అన్నిచోట్ల చాలదని తానే చెప్పినది.

గీతను ముందే గీచిన దేశము నెదర్లాండ్సు. అచ్చట 2006 నుండి, ఒకదానికి బదులు మరియొకటి చేయదగిన ఉద్యోగములన్నిటిని ఒక గుంపుగా తీసికొని, 25 ఏండ్లలోపు, 35లోపు, 45లోపు, 55లోపు, ఆపైన అని అయిదు వయోభాగములు చేసి, ప్రతి భాగమునుండి దామాషా ప్రకారము చివరివానిని తీయుదురు. సర్వీసు గౌరవమును ఉంచుచునే, దెబ్బ యంతయు యువకులపై పడకుండ పంచు నేర్పు ఇందున్నది. స్వీడనులో 1974 నుండి చివరివాడే ముందు. చిన్న సంస్థలకు ఇద్దరిని మినహాయించుకొను అధికారముండగా, 2022 నుండి ప్రతి యజమానికిని ముగ్గురిని మినహాయించుకొను అధికారము వచ్చినది. ఆ ముగ్గురెవరన్నది యజమాని ఇష్టము. కాని సంఖ్య ముగ్గురే. మన ‘సాధారణముగా’కు అంకెతో కంచె వేసిన పద్ధతి యిది. మన శాసనకర్తలు దీనిని తిలకింపదగును.

బెంచిమీద కూర్చున్నవారు

హైదరాబాదు మాదాపూరు మేడలలో ఈ చర్చకు వేరొక రూపము. మేనేజరు హోదాలో ఉన్నవారికి చట్టము ‘కార్మికుడు’ అను పేరు ఈయదు. పర్యవేక్షకుల విషయమున వేతనపరిమితి పాత చట్టములో 10 వేల రూపాయలు, కొత్త కోడ్‌లో 18 వేలు. సాఫ్ట్‌వేరు ఇంజనీరు ఏ వైపునకు చెందునను వివాదము నేటికిని తెగలేదు. కనుక అచ్చట జాబితా అంటింపబడదు. ప్రాజెక్టు ముగిసినవాడు ‘బెంచి’మీదికి వచ్చును, కొన్ని వారములలో పని దొరకనిచో, రాజీనామా తానే వ్రాసి ఇమ్మని హెచ్చార్ గదిలో మెత్తగా చెప్పుదురు. రాజీనామా చేసినవాడు తొలగింపబడినవాడు కాడు. 25-జికి అచ్చట పని లేదు.

సీనియారిటీ అచ్చట తలక్రిందులగుటయు గమనింపదగినది. 2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతము, అనగా 12 వేల పైచిలుకు మందిని, ముఖ్యముగా మధ్య, ఉన్నత శ్రేణులవారిని తగ్గింతునని ప్రకటించినది. మిల్లులో అనుభవము కవచము; ఇచ్చట అనుభవము జీతపుబరువు.

అమెరికాలోని తెలుగువారికి ఇందు మరియొక చిక్కు. గూగుల్ 2023 జనవరిలో 12 వేలమందిని ఒక్క ప్రకటనతో తొలగించినప్పుడు, హెచ్1బీ వీసాపై ఉన్నవారికి గడియారము వేరుగా నడచినది. ఉద్యోగము పోయిన 60 దినములలో వేరొక యజమాని దొరకనిచో సాధారణముగా దేశము విడువవలసినదే. ఇంటి వాయిదా, బడిలో సంవత్సరము మధ్యనున్న పిల్లలు, ఏండ్లుగా వేచియున్న గ్రీన్‌కార్డు దరఖాస్తు, అన్నియు ఆ అరువది దినములకు కట్టబడి యుండును. అక్కరవాదము ప్రకారము వీరికి రక్షణ ఈయవలెను. కాని ఒకని పౌరసత్వమునుబట్టి ఉద్యోగమును ఉంచుటయో తీయుటయో అచ్చటి వివక్షానిషేధములకు తగులును. సంస్థను అనుసరించి, పౌరులను తొలగించి వీసాదారులను ఉంచుటపైనే ఆంక్షలున్నవి. ఒకనికి కలిగిన కష్టమెంత పెద్దదైనను, దానిని లెక్కలోనికి తీసికొనగూడదను చట్టమును అన్యాయమనవచ్చునా? మా మట్టుకు అనలేము. ఊరట చెందనును లేము.

పంచుకొనుట, చీటీ వేయుట

ఎవరిని అను ప్రశ్ననే తప్పించుకొను త్రోవలు రెండు కలవు. మొదటిది, అందరి పనివేళలను తగ్గించి నష్టమును పంచుకొనుట. జర్మనీలో కుర్జ్‌ఆర్బైట్ అను ఈ ఏర్పాటున ప్రభుత్వము జీతపులోటులో అధికభాగము భరించును. 2009 వేసవినాటికి 14 లక్షలకు పైబడిన ఉద్యోగులు ఆ నీడనుండిరి. మన లేఆఫ్ నిబంధన దీనికి పేదచుట్టము. సగము జీతమును యజమానియే ఈయవలెను గనుక, కష్టకాలమున అతడు దానిని త్వరగా వదిలించుకొనజూచును. మాంద్యము తాత్కాలికమైనచో పంపకము ఉత్తమము. పరిశ్రమయే అంతరించుచున్నప్పుడు అది సాగదీయుట మాత్రమే.

రెండవది చీటీ. అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునప్పుడు వాటాలను సమము చేసి, చీట్లు వ్రాసి, పసిబిడ్డచేత తీయించుట మన పల్లెలలో నిన్నమొన్నటి ఆచారము. ఎవరికిని కోపముండదు, ఎవరికిని కృతజ్ఞతయు ఉండదు. అయినను పనివిషయమున చీటీని సమర్థించువారు అరుదు. పొలమునకు గతము లేదు, మనిషికున్నది. 24 సంవత్సరముల సర్వీసును చిన్న కాగితపుముక్క ఓడించుటను ఎవరి మనస్సును ఒప్పుకొనదు.

తెగని ముడి

చివర వచ్చినవాడు ముందు పోవలెనను సూత్రమే తక్కినవానికన్న మేలని మా తలంపు. వృద్ధునిపట్ల గౌరవము దానికి చిన్న కారణము. తొలగించు చేతికి కనులు కట్టుటలో దాని అసలు ఉపకారమున్నది. స్వీడనువలె మినహాయింపులకు సంఖ్య విధించి, వర్గములను మంచికాలముననే నిర్ణయించి ప్రకటించినచో, దాని మొరటుదనము చాలవరకు తగ్గును. అయినను ఈ సూత్రమునకు సమాధానము లేని చోటొకటి ఇటీవల పెద్దదగుచున్నది.

కళాశాలలనుండి క్యాంపస్ నియామకములలో తీసికొనబడిన వందలాది యువతీయువకులు ఒకే సోమవారము ఉదయము, ఒకే శిక్షణాకేంద్రములో, ఒకే హోదాతో, ఒకే జీతముతో చేరుదురు. వారి చేరిన తేదీ ఒక్కటే. వయస్సును చూడవలెనా, పరీక్షమార్కులనా, ఉద్యోగి సంఖ్యనా? ఆ సంఖ్యను పేర్ల అక్షరక్రమమునుబట్టి ఇచ్చిన సంస్థలో, పేరు ‘అ’తో మొదలైనవాడు ‘వ’తో మొదలైనవానికన్న సీనియరగునా? 25-జి దీనికి జవాబీయదు. దాని స్థానమున వచ్చిన కొత్త సెక్షనును ఈయదు. మిల్లులో మనుషులు ఒక్కొక్కరుగా చేరుచుండిన దినములలో వ్రాయబడిన వాక్యమది.